గోదారి గట్టున ఏడు రోజులు, పదకొండు బొమ్మలు, ఒక కరెంటు స్తంభం

జనవరిలో బెంగళూరులో చిత్ర సంతె ఉంది కదా, చిత్రకళా పరిషత్ వాళ్ళు పెట్టేది, ఆ ఒక్క రోజు కుమార కృప రోడ్డు మొత్తం బొమ్మలే ఉంటాయి. నేను వాటర్ కలర్ బొమ్మలు వేసి అమ్ముకుంటా, దానికి నా దగ్గర స్టాక్ లేదు. దసరా ముందు హైదరాబాద్ లో పెట్టిన స్టాల్ లో గోదారి బొమ్మలన్నీ అయిపోయాయి, నేను ముచ్చటపడి వేసుకున్న అనంతగిరి అడవి మాత్రం నాలుక్కి నాలుగూ ఇంటికి తిరిగొచ్చాయి. అడవి బావుంది బావుంది అంటారు, ఫొటో తీసుకుంటారు, వెళ్ళిపోతారు. గోదారి ముందు మాత్రం ఆగి "ఇది ఏ రేవండీ?" అని అడుగుతారు, నేను చెప్పిన రేవు వాళ్ళది అయితే బేరం కూడా ఆడరు. పదేళ్ళుగా చూస్తున్నా, ఎవరూ ప్రకృతి దృశ్యం కొనరు, వాళ్ళ ఊరు కొనుక్కుంటారు.

అందుకే కార్తీక మాసం చివర్లో వారం రోజులు పెట్టుకుని బయల్దేరా. క్వార్టర్ షీట్లు (పెద్ద షీటులో పావు వంతు) పదిహేను, 300 జీఎస్ఎం మందపాటి కాటన్ పేపరు, పన్నెండు రంగులు, మడత స్టూలు, గొడుగు, నీళ్ళ సీసా రెండు (ఒకటి తాగడానికి, ఒకటి బ్రష్ కి, ఇప్పటికి రెండుసార్లు పొరపాటు పడ్డా). ఒక ఆర్డర్ కూడా ఉంది, దాని సంగతి ఆరో రోజు దగ్గర చెప్తా, ముందే చెప్తే మిగతా రోజులు ఎవరూ చదవరు.

మొదటి రోజు, రాజమండ్రి

గౌతమి ఎక్స్‌ప్రెస్ లో ఎంత గాఢంగా నిద్రపోయినా కొవ్వూరు దగ్గర మెలకువ దానంతట అదే వస్తుంది, బండి బ్రిడ్జి ఎక్కగానే చప్పుడు మారుతుంది కదా, అది మా వాళ్ళందరికీ అలారం. ఎదురు బెర్త్ పెద్దాయన చీకట్లోనే కిటికీలోంచి రూపాయి బిళ్ళ వేసి దణ్ణం పెట్టుకున్నాడు, అది ఇనప కమ్మీకి తగిలి టంగుమంది, నీళ్ళలో పడిందో లేదో ఆయనకి అనవసరం.

లాడ్జిలో సామాను పడేసి, టిఫిను చేసి, దామెర్ల రామారావు గారి గ్యాలరీకి వెళ్ళా. రాజమండ్రి వస్తే అక్కడికి వెళ్ళకుండా బ్రష్ తియ్యను, అదో సెంటిమెంట్. 1897లో ఈ ఊళ్ళోనే పుట్టి, ఇక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర కంట్లో పడి, బొంబాయి జేజే స్కూల్లో చదువుకుని వెనక్కొచ్చి, 1925లో మశూచితో పోయాడు. ఇరవై ఎనిమిది నిండలేదు. నాకు ఆ వయసులో రంగులు ఎక్కడ కొనాలో కూడా తెలీదు, ఒక ఆఫీసులో ఎక్సెల్ షీట్లు చేస్తున్నా. "సిద్ధార్థ రాగోదయం" ముందు ఎప్పటిలాగే చాలాసేపు నిలబడ్డా. ఆ గీతకి తడబాటు ఉండదు, నేను మూడుసార్లు చెరిపి వేసే వంపుని ఈయన ఒక్క ఊపులో వేసేశాడు. ఆయన పోయాక స్నేహితుడు వరదా వెంకటరత్నం గారే ఈ పని నిలబెట్టారు. కళాకారుడికి అలాంటి స్నేహితుడు ఒక్కడుంటే చాలు, నాకున్న ఫ్రెండ్స్ అయితే "ఫ్రీగా ఒకటి ఇవ్వవే" అంటారు.

సాయంత్రం గట్టు మీద కూర్చున్నా. ఇక్కడ ఒక విషయం చెప్పాలి. రాజమండ్రి గోదారికి తూర్పు గట్టున ఉంది, కాబట్టి ఇక్కడ నిలబడితే నీళ్ళ మీద కనిపించేది సూర్యాస్తమయం, పొద్దున సూర్యుడు మన వీపు వెనక ఊళ్ళోంచి లేస్తాడు. కానీ నన్ను అడిగే పదిమందిలో ఆరుగురు "పుష్కర్ ఘాట్ నుంచి సూర్యోదయం" అడుగుతారు. ఇవాళా అదే అయింది, పంచె కట్టుకున్న ఒకాయన వెనక నిలబడి పావుగంట చూసి, "మా అబ్బాయి డల్లాస్ లో ఉన్నాడండి, ఆడికి గోదారి మీద సూర్యోదయం పంపాలి, ఇదే కాస్త సూర్యోదయం అని రాసిచ్చెయ్యండి" అన్నాడు. ఇది అస్తమయం అండి, అటు కొవ్వూరు, అటు సూర్యుడు దిగుతాడు గానీ లేవడు అన్నా. "ఆడికేం తెలుస్తాదండి!" అన్నాడాయన. ఇవ్వలేదు. ఇచ్చుంటే 3,500 వచ్చేది, రాత్రంతా అదే ఆలోచన.

చీకటి పడ్డాక ఆడవాళ్ళు అరటి దొప్పల్లో దీపాలు వదులుతున్నారు. రెండోది అదే వేశా. నీళ్ళ మీద దీపం వెయ్యడం అంటే నిజానికి దీపం వెయ్యకపోవడం, ఆ చోట తెల్ల కాగితం వదిలేసి చుట్టూ చీకటి వెయ్యాలి. అల్ట్రామెరీన్ నీలంలో బర్న్ట్ సియన్నా గోధుమ రంగు కలిపితే వచ్చే నలుపు ఉంటుంది చూడండి, ట్యూబులో నలుపు కంటే అదే లోతు. ఆరేలోపు ఒక దోమ వచ్చి సరిగ్గా ఆకాశం మీద వాలి అక్కడే అంటుకుపోయింది. తీస్తే మచ్చ పడుతుంది, వదిలేశా, పక్షి అనుకుంటారు.

రెండో రోజు, కొవ్వూరు నుంచి బ్యారేజీ మీదుగా ఆత్రేయపురం

సూర్యోదయం కావాలంటే అటు గట్టుకి పోవాలి కదా, సరే, ఆ డల్లాస్ అబ్బాయి పేరు చెప్పుకుని నాలుగున్నరకే లేచి ఆటోలో కొవ్వూరు గోష్పాద క్షేత్రానికి వెళ్ళా. అప్పటికే కార్తీక స్నానాలకి జనం, తడి చీరలు, కర్పూరం వాసన, మైకులో ఎవరో తప్పిపోయిన పిల్లాడి పేరు పిలుస్తున్నారు. మంచు ఎంతుందంటే పాత హేవలాక్ బ్రిడ్జి స్తంభాలు మొదటి ఐదారు తప్ప కనిపించలేదు. 1900లో మొదలై 1997 దాకా రైళ్ళు మోసిన బ్రిడ్జి అది, ఇప్పుడు బళ్ళు వెళ్ళవు, ఉత్తినే నిలబడి ఉంటుంది, నాకైతే పక్కన విల్లుల్లా వంపులు తిరిగిన కొత్త ఆర్చి బ్రిడ్జి కంటే ఇదే ఇష్టం. ఆర్చి బ్రిడ్జి గియ్యడం తేలిక, అమ్మడం ఇంకా తేలిక, టీ కప్పుల మీద, క్యాలెండర్ల మీద అన్నిట్లో అదే, అందుకే విసుగు.

తడి కాగితం మీద తడి రంగు వేస్తే మంచు బ్రహ్మాండంగా వచ్చింది, కానీ ఆరదే. గాల్లోనే తేమ, కాగితం అరగంటైనా మెరుస్తూనే ఉంది. సూర్యుడు పైకొచ్చేశాడు, ఆకాశం రంగు మారిపోయింది, నా ఆకాశం ఇంకా ఐదున్నర దగ్గరే ఉంది. ఆటో అన్న "బోర్డు ఇలా బయటికి పట్టుకోండి మేడం, గాలికి ఆరిపోద్ది" అని బండి తీశాడు, విజ్జేశ్వరం దాకా గోదారి గట్టు రోడ్డు మీద నేను బొమ్మని జెండాలా పట్టుకుని వెళ్ళా. ఆరింది. ఆరేటప్పుడు రంగు కాస్త ఒక పక్కకి జారి మంచు గాలికి కదిలినట్టు వచ్చింది, నేను కావాలని వేసినట్టు చెప్పుకుంటా.

విజ్జేశ్వరం నుంచి బ్యారేజీ మీదుగా బొబ్బర్లంక వైపు. 1852కి కాటన్ దొర కట్టించిన ఆనకట్ట స్థానంలో కట్టిన బ్యారేజీ ఇది, 175 గేట్లు. కోనసీమ మొత్తం పచ్చగా ఉండటానికి కారణం ఇదే, కానీ బ్యారేజీ బొమ్మ నా దగ్గర ఎవరూ కొనలేదు ఇప్పటికి, ఇరిగేషన్ లో రిటైరైన ఒకాయన తప్ప. ఆయన కూడా గేట్లు లెక్కపెట్టి చూశాడు.

మధ్యాహ్నం లొల్ల లాకుల దగ్గర రెండు వేశా. కాలవ, రెండు పక్కలా కొబ్బరి చెట్లు, నీడలు నీళ్ళలో మెలికలు తిరిగి. ముందు ఒక కరెంటు స్తంభం, దాని మీంచి అడ్డదిడ్డంగా ఆరు వైర్లు, ఒక కేబుల్ టీవీ వైరు వేలాడుతూ. నాకో రూల్ ఉంది, ఉన్నది తియ్యను. స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మర్లు, నీలం టార్పాలిన్లు, అన్నీ వేస్తా. దీనివల్ల నాకు సేల్స్ పోతాయని అందరూ అంటారు, స్టాల్ లో కూడా "ఇదొక్కటి లేకపోతే తీసుకునేవాళ్ళం" అన్నవాళ్ళు ఎంతమందో. అయినా ఆ స్తంభం లేకపోతే అది లొల్ల కాదు, కేరళ అయిపోతుంది.

పని అయ్యాక ఆత్రేయపురంలో పూతరేకులు కొనడానికి వెళ్ళి గంటన్నర ఇరుక్కుపోయా. ఒక ఇంటి అరుగు వెనక ఒకావిడ రేకులు తీస్తోంది. బోర్లించిన కుండ, కింద కొబ్బరాకుల మంట, పక్కన గిన్నెలో బియ్యప్పిండి నీళ్ళు, పాల కంటే పల్చగా. గుడ్డ ముక్క అందులో ముంచి రెండు చేతుల్తో చాపి కుండ మీద అలా వేసి ఇలా లాగేసింది, కళ్ళు మూసి తెరిచేలోపు కాగితం తయారు. వెలుగుకి పట్టుకుని చూపించింది, అవతల ఆవిడ వేళ్ళు కనిపిస్తున్నాయి. మా భాషలో దాన్ని వాష్ అంటారు, పల్చటి రంగు ఒక్క ఊపులో చివరి దాకా ఆపకుండా లాగాలి, మధ్యలో ఆగితే చార పడుతుంది. ఆవిడకి ఒక్క చార లేదు. "ఎన్నాళ్ళకి చెయ్యి కుదిరిందండీ?" అంటే "మా అత్తగారు కుండ ముట్టుకోనిచ్చిందే ఏడాది తర్వాతండి, ఆయ్" అంది. ఆవిడ బొమ్మ వెయ్యాలని అడిగా, మంట దగ్గర చెమటతో ఉన్నాను వద్దు అంది, సరే అని చెయ్యి మాత్రం స్కెచ్ బుక్ లో గీసుకున్నా.

రాత్రికి అమలాపురం, పిన్ని వాళ్ళింటికి.

మూడో రోజు, అమలాపురం

పొద్దున్నే పిన్ని వాళ్ళ వెనక బోదె (చిన్న కాలవ) దగ్గర రెండు చిన్నవి వేశా, గుర్రపుడెక్క పూలు, బట్టలుతికే రాయి. ఇవి అమ్మడానికి కాదు అనుకున్నా, బాబాయి చూసి "ఈ రాయి మా నాన్న వేయించాడు" అన్నాడు, ఒకటి అక్కడే వదిలేశా, కాబట్టి పైన రాసిన పదకొండు అన్నది లెక్కలో ఒకటి తక్కువ.

మధ్యాహ్నం బాబాయి భోజనానికి ఒక హోటల్ కి తీసుకెళ్ళాడు, పేరు వద్దు. లోపలికి వెళ్ళి కూర్చున్నానో లేదో ఎదురు గోడ మీద నా బొమ్మ. ఆరడుగుల ఎత్తు, పదడుగుల వెడల్పు, ఫ్లెక్సీ. నాలుగేళ్ళ కిందట వేసిన ముక్తేశ్వరం రేవు, పడవ పక్కన నేనే పొరపాటున ఒలకబోసిన మచ్చ కూడా ఉంది, ఇంత లావున. సంతకం ఉన్న మూల కత్తిరించి అక్కడ "సుస్వాగతం" రాశారు. ఫోన్ లోంచి తీసిన ఫొటోని అంత పెద్దది చేశారు కదా, దగ్గరికెళ్తే గళ్ళు గళ్ళుగా, కొబ్బరి చెట్లు లెగో బొమ్మల్లా ఉన్నాయి. ఓనర్ ని పిలిచి ఇది నాది అన్నా. ఆయన ఏమాత్రం కంగారు పడలేదు, "నెట్ లో దొరికిందమ్మా, చాలా బాగుందని వేయించాం, కస్టమర్లు దీని ముందే సెల్ఫీ దిగుతారు" అని మనస్ఫూర్తిగా సంతోషించాడు. డబ్బులు అనే మాట ఎత్తితే అది ఫ్లెక్సీ వాడిని అడగమన్నాడు. చివరికి బిల్లు తీసుకోలేదు, అదనంగా ఒక కాజా ప్యాకెట్.

బాబాయి ఇంటికొచ్చేదాకా నవ్వుతూనే ఉన్నాడు. నాకు కోపం దొంగతనానికి కాదు, ఆ గళ్ళకి. అడిగితే మంచి ఫైలు నేనే పంపేదాన్ని కదా. అప్పటినుంచి నెట్ లో చిన్న సైజు ఫొటోలే పెడుతున్నా, సంతకం మూలలో కాకుండా పడవ మీద వేస్తున్నా, కత్తిరించాలంటే పడవ కూడా పోవాలి.

రాత్రి పిన్ని లెక్క అడిగింది, అసలు నీకు ఎంత మిగులుతుందే అని. కాగితం మీద వేసి చూపించా. క్వార్టర్ షీట్ 3,500, హాఫ్ షీట్ 7,000, ప్రింటు అయితే 600. ఇందులో కాగితం, రంగు, ఫ్రేము, అద్దం, స్టాల్ అద్దె, రైలు. పోయినసారి కొరియర్ లో అద్దం పగిలి బొమ్మ చిరిగిపోయింది, వాళ్ళు ఇచ్చింది అట్టపెట్టె ఖరీదు. మిగిలేది చూసి పిన్ని "ప్రింట్లే అమ్ముకోవచ్చుగా" అంది. నిజమే, ఇల్లు గడిచేది ప్రింట్ల మీదే, కానీ ప్రింట్ కొన్నవాళ్ళు మళ్ళీ ఫోన్ చెయ్యరు. బొమ్మ కొన్నవాళ్ళు చేస్తారు, ఆరు నెలల తర్వాత కూడా, "ఆ మూల ఇల్లు మా మేనత్తది, ఇప్పుడే గమనించాం" అని.

నాలుగో రోజు, అంతర్వేది

పొద్దున బస్సు, రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి. అంతర్వేది కంటే ముందు రేవు దగ్గర దిగిపోయా, పంటు కోసం, మనుషుల్నీ బళ్ళనీ నది దాటించే పెద్ద పడవ. అటు నరసాపురం, ఇటు సఖినేటిపల్లి, మధ్యలో గోదారి పాయ వశిష్ఠ, పంటు మీద మోటార్ సైకిళ్ళు, ఒక మినీ లారీ, గడ్డి మోపు, పెళ్ళివాళ్ళు, కోళ్ళ బుట్ట, అన్నీ ఒకేసారి. పంటు ఒడ్డు వదిలేటప్పుడు ముందు పలక గొలుసుతో పైకి లేస్తుంది కదా, ఆ క్షణం గియ్యాలని నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగా, టికెట్ ఇచ్చే కుర్రాడు మూడోసారి నుంచి నా దగ్గర డబ్బులు తీసుకోవడం మానేసి "అక్కా ఇవాళ స్టాఫ్" అన్నాడు. ఆ బొమ్మ కుదిరింది. మనుషులు అంత గుంపుగా ఉన్నప్పుడు మనుషుల్ని వెయ్యకూడదు, రంగు చుక్కలు వెయ్యాలి, ఒక్కళ్ళకి మాత్రం గొడుగు పెడితే చాలు, కన్ను మిగతావాళ్ళని తనే తయారుచేసుకుంటుంది.

అంతర్వేదిలో స్వామి దర్శనం చేసుకుని అన్నాచెల్లెళ్ళ గట్టు వైపు నడిచా, వశిష్ఠ సముద్రంలో కలిసే చోటు. ఇక్కడ రంగుల గొడవ ఉంది. అందరూ గోదారి నీలం అనుకుంటారు, నీలం కాదు. వరదప్పుడు ఎర్రమట్టి రంగు, కార్తీకంలో రా అంబర్ గోధుమలో కాస్త కోబాల్ట్ నీలం, పొద్దున పూట వెండి. సముద్రం వేరే పచ్చ. రెండూ కలిసే దగ్గర గీత స్పష్టంగా కనిపిస్తుంది, ఒక పక్క మన మట్టి, ఒక పక్క వాళ్ళ ఉప్పు. కాగితం మీద మాత్రం ఆ రెండు రంగుల్ని కలవనిస్తే బురద, కలవనివ్వకపోతే గీత కొట్టినట్టు ఉంటుంది. మూడు షీట్లు పాడుచేశా, నాలుగోది పర్లేదు. లైట్ హౌస్ తో ఇంకోటి, అది మాత్రం పక్కాగా అమ్ముడుపోతుంది, లైట్ హౌస్ ఉంటే చాలు ఆలోచించరు.

ఒక జాలరి ముసలాయన వల బాగుచేసుకుంటూ చూస్తున్నాడు. బొమ్మలో ఒడ్డుని బ్రష్ కర్రతో చూపించి "ఇది ఇక్కడ లేదు, ఆ లోపలుండేది" అని సముద్రంలోకి చెయ్యి చాపాడు. ఎంత లోపల అంటే, అల విరిగే చోటు దాటి. నేను చిన్నప్పుడు వచ్చినప్పటి ఇసకే ఇప్పుడు కనపడటం లేదు, ఆయనకి ఇంకెంత కనిపించాలి నీళ్ళలో. "మీరు ఏది వేత్తారు, ఉన్నదా, ఉండేదా?" అని అడిగాడు. ఉన్నదే అన్నా, నా రూల్ కదా. సరే అని మళ్ళీ వల చూసుకున్నాడు.

అయిదో రోజు

అల్పపీడనం. పొద్దున్నుంచి వాన. ఏం వెయ్యలేదు. ఊరంతా సార్వా (వానాకాలం వరి) కోతల మీద ఉంది, కోసిన పనలు చేల్లోనే, ఆరబోసిన ధాన్యం రోడ్డు పక్కన, మగాళ్ళంతా బరకాలు (టార్పాలిన్లు) పట్టుకుని పరుగులు. తేమ 17 శాతం దాటితే కొనుగోలు దగ్గర పేచీ. బాబాయి అరెకరం ధాన్యం మీద బరకం కప్పడానికి నేనూ వెళ్ళా, మోకాళ్ళ దాకా బురద. నా కాగితాలు ఆరట్లేదని రెండు రోజులుగా గొణుక్కున్నా కదా, ఆ తర్వాత మానేశా. సాయంత్రం పిన్ని పకోడీలు వేసింది, ఎవరికీ పెద్దగా తినాలనిపించలేదు.

ఆరో రోజు, పాపికొండలు

వాన తెరిపిచ్చింది, బోటు ఉందని ఫోన్ వచ్చింది. రాజమండ్రి నుంచి గండిపోచమ్మ గుడి దాకా వ్యాన్ లో, అక్కడ బోటు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర బోటు మునిగి అంతమంది పోయిన తర్వాత ఇక్కడ ఎక్కే ప్రతివాళ్ళూ లైఫ్ జాకెట్ తాళ్ళు రెండోసారి లాగి చూసుకుంటారు, నేనూ చూసుకున్నా.

ఇప్పుడా ఆర్డర్ సంగతి. సెప్టెంబరులో ఒకాయన ఫోన్ చేశారు. వాళ్ళ అమ్మగారిది దేవీపట్నం మండలంలో గోదారి ఒడ్డు ఊరు. పోలవరం ప్రాజెక్టు కింద ఖాళీ చేయించారు, 2021లో నదిని డ్యామ్ స్పిల్ వే గేట్ల మీదుగా మళ్ళించాక నీళ్ళు వెనక్కి తన్ని ఊరు పోయింది, వాళ్ళకి వేరే చోట కాలనీలో ఇల్లు ఇచ్చారు, ఆమె ఇప్పుడు కొడుకు దగ్గర హైదరాబాద్ లో. "మా ఊరి రేవు వెయ్యగలరా అండి, ఫొటో లేదు." ఉన్నది ఒక్కటే, ఎవరిదో పెళ్ళి ఫొటో, పెళ్ళికూతురి భుజం వెనక రెండు మెట్లు, సగం చెట్టు. చూడకుండా వెయ్యను, మీరు ఎంతిచ్చినా అన్నా. "చూడటానికి అక్కడ ఏం లేదండి" అన్నారాయన. అయినా వెళ్ళి చూసి చెప్తా అన్నా.

బోటులో పాటలు, డాన్సులు, యాంకర్ కుర్రాడు అందరినీ లేపి ఆడిస్తున్నాడు. నేను బోటు నడిపే సరంగు పక్కన కూర్చుని ఊరి పేరు చెప్పి అడిగా. ఆయన కాసేపు మాట్లాడలేదు, తర్వాత గడ్డంతో కుడి పక్కకి చూపించి "అదిగో ఆ చింతచెట్ల తలలు కనపడతన్నాయా, దాని కింద" అన్నాడు. వాన నీళ్ళకి నది కాస్త ఎర్రబారింది. చెట్ల కొమ్మలు నీళ్ళలోంచి లేచి ఉన్నాయి, ఆకుల్లేవు, కొమ్మలకి వరదలో కొట్టుకొచ్చిన చెత్తా చీర పీలికలూ చుట్టుకుని ఉన్నాయి. మీద ఒక కొంగ. అంతే. మేం దాన్ని దాటడానికి నిమిషం కూడా పట్టలేదు. స్కెచ్ బుక్ లో వెనక కొండ వరసలు మాత్రం జాగ్రత్తగా గీసుకున్నా, కొండలు మునగలేదు కాబట్టి అవి ఆమె చూసినవే, నాకు దొరికిన నిజం అదొక్కటే.

పేరంటాలపల్లిలో ఆగారు, వీరేశ్వరస్వామి గుడి, మెట్ల దగ్గర కొండరెడ్ల ఆడవాళ్ళు వెదురుతో చేసిన పూలు, చిన్న పడవలు అమ్ముతున్నారు. ఒక పడవ కొన్నా. ఎంత అంటే యాభై అంది, బేరం ఆడబోయి నోరు మూసుకున్నా, నా స్టాల్ దగ్గర బేరం ఆడేవాళ్ళ మొహాలు గుర్తొచ్చాయి. తిరుగు ప్రయాణంలో కొండల మధ్య నది సన్నగా మెలిక తిరిగే చోట అందరూ ఫొటోలు. అందమైన చోటే, కాదనను, ఇంకో రోజైతే అక్కడే మూడు వేసేదాన్ని. ఆ రోజు బ్రష్ తియ్యలేదు.

ఏడో రోజు, రాజమండ్రి లాడ్జి

పొద్దున ఏడింటికి వీడియో కాల్. అవతల అమ్మగారు, పక్కన కొడుకు ఫోన్ పట్టుకుని. ముందు కొండ వరసల స్కెచ్ చూపించా. ఆమె ఫోన్ కి బాగా దగ్గరగా వచ్చి, ఆమె కన్ను ఒక్కటే కనిపిస్తోంది నాకు, "ఆ రెండో దాని నడుము దగ్గర చిన్న గంటు ఉంటుంది, అక్కణ్ణుంచే వాన దిగేది" అంది. ఉంది. గీశా గానీ అది నా చెయ్యి వణికింది అనుకున్నా.

ఇంక మూడు గంటలు ఆమె చెప్తుంటే నేను గియ్యడం. రావి చెట్టు కుడి పక్క కాదమ్మా ఎడమ. గుడి కనపడదు, గంట వినపడుతుంది అంతే. మెట్లకి సున్నం ఉండదు, పాచి. పడవలు రెండు, ఒకటి మాది, దానికి నల్ల తారు. నేను పెన్సిల్ తో వేసి చూపిస్తుంటే కొడుకు మధ్యలో "అమ్మా అది వేరే రేవు కదా" అన్నాడు, "నువ్వు పుట్టకముందు సంగతి, నువ్వూరుకో" అంది. రంగులు వెయ్యడం మొదలెట్టేముందు, అలవాటుగా అందరూ అడిగేదే కదా అని నేనే ముందే అన్నా, "కరెంటు స్తంభాలు, వైర్లు ఏమీ పెట్టట్లేదులెండి, పాత కాలంలోలా ఉంటుంది."

"అయ్యో, స్తంభం ఉండాలి తల్లీ" అంది. "పడవ దానికే కట్టేవోళ్ళం."

పదేళ్ళలో స్తంభం కావాలని అడిగిన మొదటి కస్టమర్. వేశా. ఆమె చెప్పిన చోటే, కాస్త వంగి, మొదట్లో తాడు ఒరుసుకుని అరిగిన గుర్తుతో సహా. క్వార్టర్ షీటే, మామూలుగా గంటన్నరలో అయిపోయేది, ఐదు గంటలు పట్టింది. లేనిదాన్ని వేశా కదా అని రూలు ఒకసారి గుర్తొచ్చింది, స్తంభం ఉంది కదా అని వదిలేశా. సాయంత్రం నాలుగింటికి బోర్డుకి ఉన్న టేపు ఊడదీసి, కిటికీ వెలుగులో పెట్టి మళ్ళీ కాల్ చేశా.

ఆమె చాలాసేపు చూసింది. కొండ, చెట్టు, స్తంభం, తాడు, పడవ. కొడుకు "బాగుందా అమ్మా?" అని రెండుసార్లు అడిగాడు.

"బాగుందమ్మా, అన్నీ ఉన్నాయి. నీళ్ళే మరీ పైకొచ్చేసాయి. ఇంకా నాలుగు మెట్లు కనపడాలి కింద."

నిన్న బోటులోంచి చూసిన నీటి మట్టం, నా చేతికి అంటుకుపోయి అలాగే వచ్చేసింది. నూనె రంగులైతే మీద పూసెయ్యొచ్చు, వాటర్ కలర్ లో నీళ్ళు వేశాక మెట్లు పైకి తీసుకురాలేం. రాత్రి బండి తొమ్మిది దాటాక. బ్యాగ్ లో ఇంకో షీట్ ఉంది, టేపు అంటించి, ముందు మెట్లు గియ్యడం మొదలెట్టా.